వెన్నులో చిత్తుకాగితాలు

లాహ్న్ నది గడ్డకట్టిన వారం
నా బల్ల మీదికొచ్చింది
వెన్ను విరిగిన ఒక నోటుపుస్తకం.
పద్దెనిమిది వందల ఎనభై ఏడు, చలికాలపు తరగతులు.
రాసినవాడు లూడోల్ఫ్ ష్టాక్, పాస్టరు గారి మూడో కొడుకు.
బెత్తం దెబ్బలకు నేర్చిన
వంకర లేని వరసలు.

నేను మామూలుగా చదవను. కుడతాను.
మార్బుర్గ్ లైబ్రరీ నేలమాళిగలో ఇరవైరెండేళ్లుగా
తత్వవేత్తలు నాకు రెండే రకాలు:
పురుగు పట్టినవాళ్లు, పట్టనివాళ్లు.
కానీ జిగురు నానేదాకా ఏం చెయ్యను?
చదివాను.

ఆత్మ మెట్లెక్కుతుందట.
(ఈ ఊళ్లో మెట్లకి కొదవ లేదు.)
కింది మెట్టు మీద రాయికి మొక్కేవాళ్లు,
ఆ పైన వందమంది దేవుళ్లున్నవాళ్లు,
కొసమెట్టు మీద
తడి కోట్ల వాసనతో మా చర్చి బల్లలు.
ఇక కింది మెట్టుకైనా రానివాళ్ల సంగతి:
"అక్కడికి ఆత్మ ఇంకా వెళ్లలేదు."
ప్రొఫెసరు చెప్పాడు, పిల్లవాడు పొల్లు పోకుండా దించుకున్నాడు.

గైస్ట్. మా భాషలో దయ్యానికీ అదే మాట, బుద్ధికీ అదే,
పెంతెకొస్తు నాడు నిప్పునాలుకలై దిగినదానికీ అదే.
పాఠంలో మాట్లాడుతున్నది వీటిలో ఏదో
పాస్టరు కొడుక్కి తెలిసే ఉంటుంది.
మార్జిన్‌లో చిన్న సిలువ గీసి
కొట్టేశాడు.

తడిగుడ్డ తీసేసరికి వెన్ను విచ్చుకుంది.
బలానికని వెనకటి బైండరు కూరిన చిత్తుకాగితాలు.
ఒకటి కీర్తనల పుస్తకంలోది.
దాన్ని కరుచుకుని హాంబుర్గ్ కంపెనీ చిట్టా:
కామెరూన్ తీరం. పామాయిల్, నలభై పీపాలు.
దంతాలు పదకొండు, ఒకటి పగిలింది.
మారకానికి సారా, తుపాకిమందు, ఉప్పు.

ఆత్మ వెళ్లని చోటికి
ఓడ నెలకు రెండుసార్లు వెళ్లింది.

బైండరు ఏమీ అనుకుని ఉండడు. చేతికందిన కాగితం.
మా తాత కొట్టు బోర్డు మీద కూడా
'వలసదేశపు సరుకులు' అని ఉండేది.
కాఫీ, మిరియాలు, చాక్లెట్.
చిన్నప్పుడు ఆ మాటకే నాకు నోరూరేది.

"చిత్తు పారేసి కొత్త అట్ట వెయ్యి గెజీనె" అన్నారు పై అధికారి.
సరేనన్నాను.
పారెయ్యలేదు.

దువాలా నుంచి ఎక్వల్లా వచ్చాడు, ఈ నోటుపుస్తకం కోసమే.
చిట్టా చూపిస్తే పాఠం పక్కకు నెట్టి
పేర్ల వరస మీద వేలు పెట్టాడు.
గుమాస్తా చెవికి తోచినట్టు రాసిన పేర్లు
ఒక్కొక్కటీ సరిచేసి పైకి పలికాడు,
బడిలో హాజరు పిలిచినట్టు.
ఒక పేరు దగ్గర ఆగాడు. పక్కన 'బాకీ' అని ఉంది.
నవ్వాడనుకున్నాను. దగ్గు.

"వీటిని మళ్లీ లోపల పెట్టి కుట్టేస్తారా?"

ఇంకా కుట్టలేదు.
రాళ్ల కింద ఆరుతున్నాయి రెండు కాగితాలూ.
ఇన్నేళ్ల చెమ్మకి
కీర్తన సిరా చిట్టా మీదికి దిగింది.
నలభై పీపాల మీద, అద్దంలోలా తిరగబడి,
హల్లెలూయ.