తొమ్మిదో నెల గడి

పుస్తకంల పన్నెండు గడులు.
మూడో నెలకు మెడ నిలపాలె,
ఆరుకు కూసోవాలె, తొమ్మిదికి అంబాడాలె.
ఏ దేశపు పిల్లలను చూసి గీసిండ్రో నాకు తెల్వదు.
నా పని టిక్కు పెట్టుడు.

పుట్టపాకల చిలువేరోళ్లింట్ల
మగ్గం గుంత పక్కన పిల్లగాడు.
నడుముకు మెత్తటి చీరపీలిక, అవతలి కొస గుంజకు.
గుంతల పడతడని వాళ్లమ్మ అంబాడనియ్యలే.
వాడు ఒకనాడు గుంజ పట్టుకొని
నేరుగ లేచి నిలబడ్డడు,
నాడె ఎటు పోతే అటు మెడ తిప్పుకుంట.
తొమ్మిదో గడి ఖాళీ, పదకొండోది నిండింది.
"మధ్యల ఏమైంది?" అని అడిగింది సూపర్‌వైజర్ మేడం.
"మధ్యల చీర నేసిండ్రు మేడం" అన్న.
ఆమె నవ్వలే.

తండాల సోనిబాయి మనుమరాలు ద్వాలి
చంక దిగి ఎరుగదు.
"మాటలెన్ని వచ్చినయ్?" అంటే
"ఏ బాసల?" అని ఎదురడిగింది ముసలామె.
యాడీ అంటది, పాణి అంటది,
నన్ను చూసి నీళ్లు అంటది.
పాణి, నీళ్లు ఒక మాటనా, రెండా?
మూడు అని రాసిన. కొట్టేసి రెండు అని రాసిన.
బస్సుల కూసున్నంక మళ్ల మూడు చేసిన.

మా అమ్మమ్మకు పుస్తకం లేదు.
బోర్ల పడితే బొబ్బట్లు,
గడప దాటితే గారెలు,
అడుగులేస్తే అరిసెలు.
అందుల నెలల లెక్క యాడ లేదు.
నా బిడ్డకు పదహారో నెల దాక కాళ్లు రాలే.
అరిసెలకని తెచ్చిన బెల్లం
రెండుసార్లు చాయలకే అయిపోయింది.
అయినా మా అత్త మూడోసారి తెచ్చింది,
ఎవరికీ చెప్పకుంట.

చౌటుప్పల్ అవతల ఇటుక బట్టీ.
ఒడిశా నుంచి వచ్చిన సుకాంతిని
కొడుకు పుట్టిన తారీఖు అడిగితే
బట్టీ దిక్కు చెయ్యి చూపింది,
పోయినేడు రెండో కాలుపుకు ముందట.
ఇగ ఏ గడి చూడాలె నేను?
మూడు చెక్క ముక్కలు ముందల పెట్టిన,
ఒకదాని మీద ఒకటి పేర్చాలె.
బైశాఖు గులాబీ రంగుది నాకి చూసిండు,
నేల మీద పెట్టిండు.
దాని పక్కన జానెడు జాగ ఇడిసి ఇంకోటి,
ఆ పక్కన ఇంకోటి.
పేర్చలేడని రాయబోయి ఆగిన.
వాడు ఆరబెడుతుండు.

గుడిసె వాకిలికి గడప లేదు.
గారెలు ఎట్ల వండాలె మరి వీనికి?
అనుకుంటుండంగనే తల్లి పిలిచింది.
మధ్యల పచ్చి ఇటుకల వరుసలు,
అచ్చుల నుంచి అప్పుడే దించినయి.
వాడు ఊగుకుంట, ఆగుకుంట
అన్ని వరుసలు దాటి పోయిండు,
ఒక్క ఇటుకనన్నా తొక్కలే.
దానికి నా పుస్తకంల గడి లేదు.

తెల్లారి గారెలు వండుకపోయిన.
రెండు తిన్నడు.
మూడోది, నాలుగోది
జానెడు జాగ ఇడిసి
ఎండకు పెట్టిండు.