వ్రాయరాదు

హంద్రీ ఒడ్డున, పాత నూనె మిల్లుల వీధిలో
గోడలన్నీ బొమ్మలైనాయని విని
ఫ్లెక్సీ షాపు మూసిన ఆదివారం
మద్దిలేటి మేస్త్రీని బండెక్కించుకొని పోయినాను.

టికెట్టు లేదు, గేటు లేదు.
వీధి మొదట్లో ఉగ్గాని బండి,
దాని వెనకాలే మొదటి బొమ్మ:
మూడంతస్తుల ఎత్తున
మిరపకాయలు ఆరబోసే ముసలమ్మ.
ఆమె మోకాలి దగ్గర నిజం కరెంటు మీటరు,
నిజం తీగ మీద నిజం కాకి.
"క్రేనెక్కి ఏసినారంట సార్" అన్నాడు బండాయన.
మేస్త్రీ ఎండకు చెయ్యి అడ్డం పెట్టి
శానాసేపు చూసి
"ఎడమ చెయ్యి రవంత పొడుగైంది" అన్నాడు.
ఆయన నోట ఇంతకు మించిన మెప్పు
నేనెన్నడూ వినలేదు.

ఇంకో గోడ నిండా ఏరు.
నీలం కాదు. హంద్రీ నీలంగా ఉండిందెప్పుడు?
టీ గ్లాసు అడుగున మిగిలిన రంగు.
పై అంచు గీత మాత్రం ఎవరూ గీయలేదు,
తొమ్మిదో యేడు వరద నిలిచిన మరకను
అట్లనే వదిలేసినారు.
వీధి చూపించే పిల్ల, జైబున్నీసా,
చెయ్యెత్తి ఆ గీతను తాకబోయింది. అందలేదు.
"అప్పుడు నాకు రెండేండ్లు,
మా మామ అన్నం గుండిగలో కూర్చోబెట్టి
నెత్తిన మోసినాడంట."
దినానికి పదిసార్లు చెప్పి
అరిగిపోయిన గొంతు.
అయినా 'గుండిగ' దగ్గర మాత్రం
కొంచెం నవ్వుతుంది.

ఐదేండ్లు నేను ఈయన రంగుడబ్బాలు మోసినాను.
నీలిమందు తాడు లాగి గోడకు గీత కొట్టేది,
'శ్రీ' వంపు మణికట్టుతో కాదు
భుజంతో తిప్పేది
ఈయనే నేర్పినాడు.
ఆమీట నేను మిషను కొన్నాను.
పెండ్లి, చావు, పుట్టినరోజు, పార్టీ
అడుగు లెక్కన,
గంటలో వెచ్చవెచ్చగా బయటికి.
మొదటి యేడు ఈయనకు పది బోర్డులు తగ్గినాయి.
రెండో యేడు నేను లెక్కపెట్టలేదు.
ఏమీ అనలేదు ఈయన.
నా షాపుకు పేరు రాసిస్తావా అని అడిగిననాడు
"మిషనుంది గదరా" అన్నాడు, అంతే.

మలుపులో, మూతబడిన మిల్లు వెనక,
ఏనుగులంత బొమ్మల నడుమ
పెచ్చులు లేచిన పొట్టి గోడ.
దాని చుట్టూ ఎవరో పసుపు చట్రం గీసినారు.
లోపల నల్ల అక్షరాలు:
'ఈ గోడపై వ్రాయరాదు.
మీరినవారు శిక్షార్హులు.'
పక్కన అట్టముక్క:
'చిత్రకారుడు తెలియదు.'

మేస్త్రీ నవ్వినాడు,
వక్కాకు మరకల పండ్లన్నీ కనబడేటట్టు.
"మిల్లు సేటు అరవై అన్నాడు,
ఇరవై ఇంకా బాకీ."
దగ్గరికి పోయి 'వ్రా' చూపించినాడు.
ర వత్తు తోక కిందికి జారి ఉంది.
"అది రాస్తాంటేనే మా వదిన పరిగెత్తుకొచ్చి
ఆడపిల్ల పుట్టిందనె. చెయ్యి జారె.
దిద్దుదామనుకుంటి, ఇంటికి పోతి."
ఆ పిల్ల ఇప్పుడు ఆదోనిలో నర్సు.

జైబున్నీసా అట్టముక్కను చూసింది,
ఆయన్ను చూసింది,
సంచిలోంచి మార్కరు తీసి చేతిలో పెట్టింది.
"పేరు రాయి తాతా."
మూత తీసినాడు. చెయ్యి గోడదాకా పోయింది.
ఆగింది.
"రాయగూడదని రాసిందే నేను గదమ్మా"
అని మూత పెట్టి ఇచ్చేసినాడు.
ఆ పిల్ల నవ్వాలో వద్దో తెలియక
నావైపు చూసింది.
నేను కాకిని చూసినాను.

ఉగ్గానికి డబ్బులు ఆయనే ఇచ్చినాడు.
తిరుగుదారిలో, బండి మీద,
నా వీపున ఆయన వేలు
ఏదో గీస్తా వచ్చింది.
గతుకులకు చెదిరి, మళ్లీ మొదలై.
ఏ అక్షరమో పట్టుకోలేకపోయినాను.
భుజంతోనే తిప్పుతున్నాడని మాత్రం తెలిసింది.
కొండారెడ్డి బురుజు దాటినాక
ఆగిపోయింది.