రెండు గొట్టాలు

బొబ్బిలి షెడ్డులో, నికెల్ తొట్టి పక్కన
డ్రాయింగు కాగితం పరిచాను.
ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు నట్లు.

"ఒకటే కాలవ చాలదా మేడమ్?" ఓనరు లెక్క ఓనరుది.
చాలదు.
సైనైడు నీళ్లకొక గొట్టం, క్రోము ఆమ్లానికొక గొట్టం,
మాటల్లేని దాయాదుల్లా ఎవరి గుమ్మం వాళ్లది.
దారిలో ఎక్కడైనా కలిశాయా,
ఆ రాత్రి షిఫ్టుకి తెల్లారదు.

తవుడు వచ్చి ఒంగి చూశాడు.
పుట్టగానే చేటెడు తవుడుకి అమ్మి
మళ్లీ కొనుక్కున్నారట, బతకాలని.
బతికాడు.
ముప్పై ఏళ్లు సైకిల్ హ్యాండిళ్లు ముంచి తీసి
ముక్కు దూలానికి చిల్లు.
అగరొత్తి వాసన తెలీదంటాడు, నవ్వుతాడు.

"ఈ గడిలో ఏటవుతాది తల్లీ?"

పసుపులో సున్నం పడితే ఎరుపు, నీకు తెలిసిందే.
ఇక్కడలా కాదు.
బైసల్ఫైటు పడగానే ఈ పసుపు ఆకుపచ్చకి తిరుగుతుంది,
అప్పుడు సున్నం.
విరిగిన పాలలా ముక్కలై
మెల్లగా అడుక్కి దిగుతుంది. పైన తేట.

"తేట గెడ్డకెల్తాది. మరి మడ్డో?"

మడ్డికి ఒక మూల గది గీశాను.
రేకుల కప్పు, తాళం.
వేలు పెట్టి చూపించాడు, గోరు చుట్టూ పుండు మానిన గుంట:
"వానల్లో ఇక్కడ మోకాల్లోతు నీరు నిలబడతాది.
సర్వే కాయితంలో నేదా?"

లేదు.

రబ్బరుతో తుడిచాను. పొట్టు ఊదాను.
గది మెరక మీదికి జరిగింది,
ఓనరు కారు పెట్టుకునే చోటికి.

ఆయనింకా సంతకం పెట్టలేదు.