కడిగిన నీళ్లు

నువాక్షోత్‌లో ఇసుక కీబోర్డు సందుల్లోకీ వస్తుంది.
ఊదుకుని మళ్లీ కూచుంటాను.

గురువు బొయ్బాకి చూపు పోయి తొమ్మిదేళ్లు.
ఆయన వల్లిస్తాడు,
నేను ఒక్కో అక్షరానికీ అంకె వేస్తాను.

మా రాతలో ఫాకి చుక్క కింద,
ఖాఫ్‌కి నెత్తిన ఒక్కటే.
ఆ ఒంటిచుక్కను తూర్పువాళ్లు ఫా అని చదువుతారు;
స్క్రీన్ కూడా వాళ్ల పక్షమే.
వేరే అక్షరమని వేరే అంకె ఇవ్వాలా,
ఉన్న అక్షరానికే మా చొక్కా తొడగాలా?
వేరు చేస్తే వెతికేవాడికి దొరకదు.
కలిపేస్తే
మా తాతల చేతిరాత
పరాయి ఫోన్‌లోకి వెళ్లి చుక్కలు మార్చుకుంటుంది.

"నోటికి చుక్కతో పనేముంది?" అన్నాడు.
టీ గ్లాసు ఖాళీ చేసి
"అయినా కిందే పెట్టు," అన్నాడు.

సాయంత్రానికి చిట్టి అలిఫ్ దగ్గర ఆగిపోయాం.
పలుకుతుంది గానీ వరుసలో నిలబడదు,
రెండక్షరాల నడుమ గాలిలో వేలాడుతుంది.
కూచోమని పీట వేశాను.
పీట కూడా ఒక అక్షరమై కూచుంది.
చెరిపాను. టక్. టక్. టక్.

ఆ చప్పుడుకి ఆయన తలెత్తాడు.
"మేం చెక్కపలక కడిగితే
ఆ నల్లనీళ్లు నేలపాలు చేసేవాళ్లం కాదు.
తలా ఒక గుక్క తాగేవాళ్లం,
పళ్లు కూడా నల్లబడేవి.

నువ్వు చెరిపింది ఎక్కడికి పోతుంది, తెస్లెమ్?"

మీట మీద వేలు అలాగే ఉండిపోయింది.
దాని మీద అప్పుడే
సన్నగా ఇసుక.