జానెడుకొకటి

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
లోపల తేజ మిర్చి బస్తాలు
చలికి ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవి.
బయట, కంప్రెసర్ గది పక్కన,
ఇనప బీరువా లాంటి ప్యానెల్ ముందు
గొంతుక్కూచుని నేను తీగలు కట్టేవాణ్ణి.

ఎర్రది, పసుప్పచ్చది, నీలిది.
ఆకుపచ్చది భూమిలోకి.
జడకి దువ్వినట్టు సాపుచేసి
జానెడుకో కేబుల్ టై బిగించి
కటింగ్ ప్లేయరుతో అడ్డంగా ఒక్క నొక్కు.
టక్.
తోక ఎగిరి ఎక్కడో పడేది.
ఆ చప్పుడంటే ఎంతిష్టమో,
పనైపోయిందని చెప్పే చప్పుడు.
రోజుకి రెండొందల తోకలు కోసేవాణ్ణి,
ఊళ్ళో ఒక్కడి తోకా కొయ్యలేనివాణ్ణి.

నాగుల్ మీరా మేస్త్రి నా పని కళ్ళతో చూసేవాడు కాదు.
చొక్కా చెయ్యి పైకి మడిచి
ముంజేతి లోపలి వైపుని,
పసివాడి ఒళ్ళు వెచ్చబడిందేమో చూసినట్టు,
ఆ తీగల కట్ట మీదుగా పైనుంచి కిందికి జార్చేవాడు.
ఎక్కడో ఆగేవాడు.
"ముల్లుందిరా ఇక్కడ."
వంగి చూసినా నాకు కనపడేది కాదు.
బియ్యపు గింజలో సగం. అంతకన్నా తక్కువ.
"దానివల్ల కరెంటు పోద్దా మేస్త్రీ?"
"పోదు."
"మరి?"
జవాబు చెప్పకుండా టీకి పోయేవాడు.

జవాబు సలోమమ్మ దగ్గర ఉంది.
పొద్దంతా యార్డులో కాయల తొడిమలు తీసి
సందేళ మా ప్యానెల్ గది తుడిచిపోయే మనిషి.
కేబుల్ ట్రే వెనక్కి చెయ్యి పోనిచ్చి
పాత చీర పీలికతో దుమ్ము లాగేది.
ఓ రోజు టీ గ్లాసు అందుకుంటూ చెయ్యి చాపింది.
మణికట్టు నుంచి మోచేతి పైదాకా
సన్నటి గీతలు.
జానెడుకొకటి.

"పిల్లి గీరిందా?"
"ఏమోనయ్యా, తెగినప్పుడు తెలీదు.
పొద్దున్నే కాయలో చెయ్యి పెడితే
అప్పుడు చెప్పిద్ది ఎన్నున్నాయో."
నవ్వి టీ ఊదుకుంది.
కొలత నాకు తెలిసిందే.

అవి నా తోకలని ఆమెకి చెప్పలేదు.
మందుల షాపులో ట్యూబు కొనిచ్చాను.
ఎందుకని ఆమే అడగలేదు.
ఆ రాత్రి ఫోను లైటు నోట కరుచుకుని
ట్రే వెనకాల పొడుగునా
తాళాలగుత్తికున్న గోళ్ళ కత్తెరతో కొరికాను.
తెల్లారేసరికి నా రెండు చేతుల నిండా గీతలు.
ఇంటికెళ్ళి, తెలిసే,
ఆవకాయ కలుపుకున్నాను.

ఇప్పుడు నా పని నెమ్మది.
టై తలకాయని గోడవైపు తిప్పుతాను,
చెయ్యి పోని వైపుకి.
తోకని ముందు బిగలాగుతాను.
ఫ్లష్ కట్టరు చదునైన మొహాన్ని
తలకి ఆనించి, ఏటవాలు లేకుండా,
అప్పుడు నొక్కుతాను.
టక్ మనదు, చిన్న మూలుగు, అంతే.
కట్టరు మర్చిపోయిన రోజు
ముక్కు ప్లేయరుతో తోకని పట్టి మెలితిప్పుతాను;
తిప్పగా తిప్పగా మెడ లోపలే తెగుతుంది.
అనుమానం ఉన్నచోట ఆకురాయి ఒక రుద్దు.
ఆ తర్వాత ముంజెయ్యి. కళ్ళు మూసుకుని.

మొన్న ఐటీఐ నుంచి వినీల్ అని ఓ కుర్రాడొచ్చాడు.
మంచి వేగం. టక్, టక్, టక్.
"ముల్లుందిరా ఇక్కడ" అన్నాను.
"కరెంటు పోద్దా సార్ దానివల్ల?"

నేను టీకి పోలేదు.
గేటు దగ్గర రాలిన కాయలు రెండు ఏరుకొచ్చి
వాడి అరచేతిలో పెట్టాను.
"ముందు ఇవి చేతికి రుద్దుకో.
తర్వాత నీ కట్ట మీద నువ్వే జార్చి చూడు."

వాడు కాయల్ని చూశాడు.
కట్టని చూశాడు.
కాయలు జేబులో వేసుకుని
ఆకురాయి ఎక్కడుందని అడిగాడు.