కూలర్ ఆపినామె

ఖాసీంబీ గొడవేమీ పెట్టుకోలే.
రెండు చీరలు, పాప స్కూలు బ్యాగు సర్దుకొని
నందికొట్కూరు బస్సెక్కేముందు ఒకే మాటన్నది:
"నాతో వద్దు. ఎవురితోనన్నా మాట్లాడు.
మాట్లాడినాక ఫోన్ చెయ్."

పాప మణికట్టు మీద నా నాలుగు వేళ్ళు
అప్పటికి మూడు రోజులుగా ఉన్నాయి.
ట్యాంకు నిండి కారుతాంటే
నవ్వుకుంటా చేతులు పెట్టింది, అంతే.
నేను చూసింది పాపను కాదు.

పరుపులు కుట్టేవాణ్ణి.
కర్నూలు పాతబస్తీలో మా నాయన దూదేకిన మిషనే నాది.
పాత పరుపు కోస్తే చాలు,
ఆ ఇంట్లో ఎవురు ఏ పక్క పండుకుంటారో చెప్తా,
ఎవురు అంచుకు జరిగి జరిగి పండుకుంటారో కూడా.
నా పరుపు మాత్రం ఎన్నడూ కొయ్యలే.

మా అమ్మ తాయెత్తు కట్టించింది.
ముజావర్ మంచోడు, నెమలీకల కట్టతో
తల మీద, భుజాల మీద నిమిరినాడు.
ఆ రాత్రి నిద్ర పట్టింది.
ఆ ఒక్క రాత్రి.

మందుల షాపు సుంకన్న బిళ్ళలిచ్చినాడు.
నిద్రలో నీళ్ళు ఇంకా లోతైనాయి.

పెద్దాసుపత్రిలో చీటీ నెంబరు నలభై మూడు.
తలుపు మీద బోర్డు చూసి, తెలిసినోళ్ళెవురన్నా వస్తే
పంటి నొప్పి అని చెప్పేకి
దవడ పట్టుకొని కూర్చున్నా.
కొంచేపటికి చూస్తే
పక్కనున్నాయన కూడా దవడే పట్టుకున్నాడు.
లోపల తల ఎత్తకుండా అడిగినారు:
తాగుతావా, కొడతావా, ఎన్ని గంటలకు లేస్తావు.
నా వెనక ఇంకా అరవై మంది. ఆయన్నేమంటాం.

రాజ్‌విహార్ దగ్గరొకాయన గంటకు వెయ్యి తీసుకొని
"మర్చిపోవల్ల" అన్నాడు.
వెయ్యికి ఒక దిండు, ఒక బొంత వస్తాయి.

సలోమి మేడం గది సి క్యాంపులో, మేడ మీద.
కిటికీకి కూలర్.
గడ్డిలోంచి నీళ్ళు కిందికి పడతాండాయి, టప్పు, టప్పు.
ఆమె ఇంకా పేరు కూడా అడగలే.
నా చూపు యాడికి పోతాండాదో చూసింది.
లేచిపోయి కూలర్ ఆపింది.

మే నెల. మధ్యాహ్నం రెండు. కర్నూలు.

ఎందుకాపిందో ఆమె చెప్పలే, నేనడగలే.
ఇద్దరమూ చెమట తుడుచుకుంటా కూర్చున్నాం.
నా కోసరం ఇట్ల ఉడికిపోయినోళ్ళు
ఎవురున్నారని లెక్కబెడితే
ఖాసీంబీ ఒక్కతే తగిలింది.

అప్పుడు చెప్పినా. వాని పేరు ఇమాం.
తుంగభద్ర మా వీధిలోకొచ్చిన అక్టోబరు.
నేను మిద్దె మీద, వాడు గోడ పట్టుకొని కింద.
చెయ్యి జారిందని అందరికీ చెప్పుకున్నాం,
పెండ్లిసంబంధం వాళ్ళక్కూడా.
వరద తీసినాక ఊరంతా తడిసిన పరుపులే.
ఆ ఏడు మా నాయనకు గిరాకీ బాగుండె.

"జారలే మేడం.
నేనే వదిలేసినా."

నీ తప్పేం లేదని ఆమె అనలే.
అని ఉంటే లేచొచ్చేసేవాణ్ణి.
"అప్పుడు నీకెన్నేండ్లు?" అన్నది.

పద్నాలుగు.

ఆ లెక్క నేనెన్నడూ వేసుకోలే.
ఇన్నేండ్లు కలలో
వాణ్ణి వదిలే చెయ్యి ఈ చెయ్యే,
డబుల్ కాట్ పరుపును ఒక్కటే మేడెక్కించే చెయ్యి.
ఎండలో కూర్చొని చానాసేపు
ఆ చేతినే చూసుకున్నా.

మెట్లు దిగినాక ఫోన్ చేసినా.
"మాట్లాడినావా?"
"సగం."
"తక్కిన సగం?"
"బుధవారం రమ్మన్నారు."

వస్తానని అనలే ఖాసీంబీ.
పెట్టేస్తానని కూడా అనలే.
ఆమె వెనక ఎవురో కొళాయి తిప్పినారు.
బిందెలో నీళ్ళు పడతాండాయి,
మొదట గట్టిగా, తర్వాత మెత్తగా.

బిందె నిండేదాకా
ఫోన్ చెవికానించుకొని నిలబడినా.