ఏడు బీడీలు

బటన్ నొక్కి తునికాకు అందుకున్న.
తెర మీద గుండ్రం తిరుగుతనే ఉన్నది.
సీరియల్ మొదలయ్యేసరికి
చాటల ఏడు బీడీలు.

పోయినేడు రెండే.

"పెద్దమ్మా, తెర మంచిదే, బుర్రే మొద్దుబారింది.
ఎనుక చిన్న డబ్బా పెడితె ఉరుకుతది, మూడు వేలు"
అంటడు మెట్‌పల్లి నుంచి వచ్చిన నవనీత్.
నాకు రూపాయలు కానరావు,
పన్నెండు వేల బీడీలు కానొస్తయి
కట్టలు కట్టలు, దారాలు చుట్టుకొని.

మాటతోని అడుగుమన్నడు.
"వంకాయ పులుసు" అన్న.
ఎవలో ఇంగ్లీషుల ఏడ్చిండు.

నిన్న అప్‌డేట్ అంటే సరే అన్న.
ఇయ్యాల తొమ్మిది.

వద్దు బిడ్డా, డబ్బా.
ఇది ఉరికితే నా చేతులాగుతయి,
బొమ్మ చూసుకుంట ఆకు మరుస్త,
కంపెనీల వెయ్యి నిండది.

అయినా,
ఐతారం ఒకసారి పెట్టి చూపెట్టు.